టోపీ లేని తలలు
జాన్ క్రిస్టఫర్ నవలాత్రయం – ఒక పరిశీలన

తెలుగు బోధించేవారికి ఆంగ్లేయ బాలల నవలలతో ఏమి పని అని కళాశాల కమిటీ పెద్దలు ప్రశ్నించవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అయితే విద్యార్థులు చదవదగిన గ్రంథం ఏ భాషలో ఉన్నా దానిని వారి దృష్టికి తెచ్చుట భాషాధ్యాపకుల విధులలో ఒకటి అని మేము భావిస్తున్నాము. పైగా ఈ కథలోని బాలురు మన ఇంటర్మీడియట్ విద్యార్థుల కంటె రెండు మూడేండ్లు చిన్నవారు. వారికి వచ్చిన ఆపద మాత్రం భూగోళమంత పెద్దది.

అన్యగ్రహవాసులు భూమిపై దండెత్తుట అనే ఇతివృత్తానికి ఆధునిక సాహిత్యంలో బాట వేసిన వారిలో ప్రముఖుడు హెచ్.జి. వెల్స్. ఆయన నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ 1898లో గ్రంథరూపం దాల్చినది. అంగారక గ్రహం నుండి వచ్చినవారు మూడు కాళ్ల మహాయంత్రాలలో కూర్చుండి దక్షిణ ఇంగ్లండును ధ్వంసం చేస్తారు. ఫిరంగులు చాలవు. చివరకు వారిని హతమార్చినవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. టాస్మేనియా ఆదివాసులకు ఐరోపా వలసదారులు పట్టించిన గతిని వెల్స్ తొలి అధ్యాయంలోనే జ్ఞాపకం చేసినాడు. అనగా దండెత్తి వచ్చే వారి స్వభావం ఎట్టిదో ఆయనకు స్వజాతి చరిత్ర వల్లనే తెలుసునన్నమాట. కాని ఆ కథలో మనిషి గెలవలేదు; బ్రతికిపోయినాడు, అంతే.

సుమారు డెబ్బది ఏండ్లకు మరొక ఆంగ్ల రచయిత ఆ మూడు కాళ్ల యంత్రాన్నే తీసికొని వేరొక ప్రశ్న వేసినాడు. యుద్ధం ఎన్నడో ముగిసి, మనిషి ఓడి, ఓడిన సంగతినే మరచిపోతే ఏమగును? ఆ రచయిత జాన్ క్రిస్టఫర్. ఇది కలం పేరు. అసలు పేరు శామ్యూల్ యూడ్. 1922లో పుట్టి 2012లో గతించినాడు. ‘ది వైట్ మౌంటెన్స్’, ‘ది సిటీ ఆఫ్ గోల్డ్ అండ్ లెడ్’ అనే రెండు నవలలు 1967లోను, ‘ది పూల్ ఆఫ్ ఫైర్’ 1968లోను వెలువడినవి. బి.బి.సి. టెలివిజన్ 1984, 1985 సంవత్సరాలలో మొదటి రెండు భాగాలను ప్రసారం చేసి, మూడవదానిని తీయనేలేదు. కథ సగంలో నిలిచిపోయినందున, తెరపై చూచినవారు సైతం పుస్తకం పట్టవలసినదే.

కథాస్థలం ఇంగ్లండులోని ఒక పల్లె. కాలం మన తరువాత నూరేండ్లకు పైబడినది. మహానగరాలు శిథిలమైనవి. జనం గుర్రపు బండ్లతో, పిండిమరలతో, సేద్యంతో తృప్తిగా జీవిస్తున్నారు. ఆకలి లేదు, యుద్ధం లేదు. అప్పుడప్పుడు ముక్కాలి పీట వలె మూడు కాళ్లపై నిలిచిన ఒక బ్రహ్మాండమైన లోహయంత్రం పొలాల మీదుగా నడచిపోతుంది. దానిని చూచి ఎవరూ బెదరరు; భక్తితో తలయెత్తి చూస్తారు. పధ్నాలుగవ ఏట ప్రతి బాలుని, ప్రతి బాలికను ఆ యంత్రం పైకెత్తి, కొంతసేపటికి మరల దింపుతుంది. దిగినవారి తలపై, చర్మంలో కలిసిపోయిన లోహపు వల ఒకటి ఉంటుంది. దానినే టోపీ అంటారు. ఆ దినం ఊరంతటికీ పండుగ.

ఈ టోపీ ప్రాణం తీయదు, బాధ పెట్టదు. ప్రశ్నించే గుణాన్ని మాత్రం తీసివేస్తుంది. తెలుగులో ‘టోపీ వేయుట’ అన్నా, ఉర్దూలో ‘టోపీ పహనానా’ అన్నా మోసగించుట అనే అర్థం కలదు. ఆంగ్ల రచయితకు తెలియని ఈ శ్లేష మన రెండు భాషల పాఠకులకు అయాచితంగా లభించినది!

మమ్ములను మిక్కిలి కలవరపెట్టిన ఘట్టం యుద్ధం కాదు, ఆ పండుగయే. టోపీ వేయించుటకు బిడ్డను తీసికొని వచ్చేది శత్రువు కాదు, కన్న తల్లిదండ్రులు. వారు మనస్ఫూర్తిగా సంతోషిస్తారు, ఎందుకంటే వారి తలలపైనా టోపీలున్నవి. ఈ పుటలు చదివిన మరునాడు మేము తరగతి గదిలో ప్రవేశించినప్పుడు, అడిగినదానికి అక్షరం పొల్లుపోకుండా అప్పగించే విద్యార్థిని మెచ్చుకొనబోయి ఒక్క క్షణం ఆగినాము. మెచ్చుకొన్నాములెండి. కాని ఎదురు ప్రశ్న వేసిన మరొక అబ్బాయిని కూర్చోమని గద్దించే మా అలవాటు ఆ రోజున కొంత సడలినది.

కథానాయకుడు విల్ పార్కర్, పిండిమర యజమాని కుమారుడు, వయస్సు పదమూడు. ప్రాణమిత్రుడైన జాక్ టోపీ ధరించిన తరువాత పరాయివాని వలె మాట్లాడటం చూచి వానికి తొలి సందేహం కలుగుతుంది. టోపీ సరిగా అమరక మతి చలించి తిరిగేవారిని ఆ కాలంలో దేశదిమ్మరులంటారు. అట్టి దిమ్మరి వేషంలో వచ్చిన ఒకడు, దూరాన మంచు కొండలలో స్వతంత్రులు దాగియున్నారని విల్‌కు రహస్యంగా చెబుతాడు. తన పేరు ఓజిమాండియాస్ అంటాడు. షెల్లీ కవి 1818లో ప్రకటించిన పద్యంలో, శిథిల విగ్రహంగా మాత్రమే మిగిలిన చక్రవర్తి పేరది. విల్, ఎప్పుడూ తనతో పోట్లాడే హెన్రీ కలిసి ఓడనెక్కి ఫ్రాన్సు చేరుతారు. అక్కడ తోడైనవాడు జాఁ పోల్; కళ్లద్దాలను స్వయంగా చేసికొన్న మేధావి. ఆంగ్ల బాలురకు ఆ పేరు పలుకలేక ‘బీన్‌పోల్’ అన్నారు. చిక్కుడు తీగకు ఊతగా నాటే గుంజ అని అర్థం. పొడవుగా, సన్నగా ఉన్నవానికి అది అతికినది. అక్కడి రైలు పేరు కూడ ఇట్లే వికృతి చెంది వారి చెవికి ‘ష్మాండ్ ఫేర్’గా వినబడినది. పట్టాలున్నవి, పెట్టెలున్నవి, లాగేవి గుర్రాలు. ఆవిరియంత్రాన్ని లోకం మరచినది. నీరు కాగితే మూత లేచుట చూచి, ఆ ఆవిరిచేత బండిని నడపవచ్చునని ఊహించినవాడు ఈ బాలుడొక్కడే.

దారిలో విల్ జబ్బుపడి ఒక కోటలో ఆశ్రయం పొందుతాడు. ప్రభువు భార్య వానిని కొడుకు వలె చూస్తుంది. ఆమె కుమార్తె ఎలోయీజ్ స్నేహం లభిస్తుంది. ఉండిపొమ్మంటారు; టోపీ ఒక్కటే షరతు. విల్ దాదాపు అంగీకరిస్తాడు. రచయిత గొప్పతనం ఇక్కడ ఉన్నదని మా అభిప్రాయం. ముక్కాలి యంత్రాల నుండి పారిపోవుట సులభం. ఆదరించే ఇంటి నుండి పారిపోవుట కష్టం. తలపాగా జారినప్పుడు ఎలోయీజ్ ముందే టోపీ ధరించినదని విల్‌కు తెలుస్తుంది. వీరోత్సవానికి రాణిగా ఎన్నికైన ఆమె, యంత్రాల నగరంలో సేవ చేయుటకు ఆనందంతో వెళ్లిపోతుంది.

రెండవ నవలలో విల్, ఫ్రిట్జ్ అనే జర్మన్ బాలుడు నకిలీ టోపీలతో క్రీడలలో గెలిచి, బానిసలుగా ఆ నగరం చేరుతారు. బరువెక్కిన దేహాలు, ఆకుపచ్చని విషవాయువు, తాళలేని ఉక్క. ఏలికలు కూడ ముక్కాలి జీవులే. మూడు కన్నులు, మూడు కరములు. విల్ యజమాని వానియెడ దయగలవాడు. ఆ దయాళువే భూమి గాలిని తమకు అనుకూలంగా మార్చే నౌక నాలుగేండ్లలో రానున్నదని, అప్పుడు మనుష్యజాతి సమస్తం నశించునని, మాటల సందర్భంలో చెప్పివేస్తాడు. సీతాకోకచిలుకలను గాజు పెట్టెలో ఉంచినట్లు సుందరీమణుల మృతదేహాలను భద్రపరచిన మందిరాన్ని సైతం గర్వంగా చూపుతాడు. వారిలో ఎలోయీజ్ ఉన్నది. ఈ నవలలలో స్త్రీకి ఇంతకు మించిన పాత్ర దొరకలేదు. సాహసమంతా బాలురదే. మన విద్యార్థినులు దీనిని ఆక్షేపించినచో మేము వారి పక్షమే.

మూడవ నవలలో ఏలికల బలహీనత బయటపడుతుంది: మద్యసారం వారిని స్పృహ తప్పిస్తుంది. నగరాల నీటిలో దానిని కలిపి రెండింటిని కూలుస్తారు. మూడవది పనామా ప్రాంతంలోనిది. అక్కడ ఆ ఉపాయం సాగలేదు. సమీపించిన విమానాల యంత్రాలు ఆగిపోయినవి. యంత్రం అవసరం లేని గాలిబుడగలలో ఎగిరి బాంబులు విడిచినారు. అవి నగరపు గోపురం మీద నుండి జారిపోయినవి. అప్పుడు హెన్రీ గోపురం పైకి దూకి, బాంబును చేతులతో పట్టుకొని ప్రేలేవరకు కదలలేదు. మొదటి పుటలలో విల్‌కు శత్రువైన ఆ హెన్రీయే.

బాలల కథ ఇక్కడ ముగియవలసినది. క్రిస్టఫర్ ముగించలేదు. స్వతంత్రులైన జాతులు మహాసభలో సమావేశమై ఒకే ప్రభుత్వం గురించి చర్చిస్తాయి. దేశాభిమానాలు తలలెత్తుతాయి. ఉద్యమాన్ని అంతకాలం నడిపిన వృద్ధ నాయకుడు జూలియస్‌ను పదవి నుండి తొలగిస్తారు. సభ కలహంతో చెదరిపోతుంది. టోపీలున్నన్నాళ్లు కలహం లేదన్న సంగతి పాఠకునికి అప్పుడు జ్ఞాపకం వస్తుంది. హెన్రీ ప్రాణం ఇచ్చినది దీనికేనా అని విల్ బాధపడతాడు. ఇక తమ తమ ఇష్టమైన పనులను విడిచి, విల్, ఫ్రిట్జ్, బీన్‌పోల్ ముగ్గురు మనుష్యులను కలిపే ప్రయత్నానికి పూనుకొంటారు. ఆ ప్రయత్నం ఫలించినదో లేదో రచయిత వ్రాయలేదు.