అమ్మ ఎన్ని గంటలకు తింటుంది?

మీరు ఈ పుస్తకం చదువుతున్నారంటే బహుశా వార్డు బయట బెంచీ మీద కూర్చొని ఉంటారు. లోపల మంచం మీద నాన్నగారో, మామగారో ఉంటారు. ఆయన పక్కన స్టూలు మీద అమ్మగారు కూర్చొని ఉంటారు. ఈ పాఠం మంచం మీద ఉన్నవారి గురించి కాదు, స్టూలు మీద ఉన్నవారి గురించి.

తెనాలి, బాపట్ల, నరసాపురం వంటి ఊళ్లలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఇద్దరే ఉండే ఇళ్లు చాలా కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. నెలనెలా పింఛను వస్తుంది. సొంత ఇల్లు, పెరట్లో కొబ్బరి చెట్టు, కరివేపాకు మొక్క. చూసేవారికి ఏ లోటూ కనిపించదు. కానీ ఆ ఇంటిలో ఒక రోజును గంట గంటకూ కాగితం మీద రాసి చూడండి.

తెల్లవారుజామున అయిదు గంటలకు ఇద్దరూ లేస్తారు. కాఫీ తాగుతారు. ఏడున్నరకు ఆయనకు షుగరు మాత్ర, ఆ వెంటనే వేడి వేడి ఇడ్లీ. అదే సమయానికి ఆమె కూడా తన షుగరు మాత్ర వేసుకుంటుంది, ఇద్దరూ ఒకేసారి వేసుకుంటే మరచిపోకుండా ఉంటుందని. మంచి అలవాటే. అయితే మాత్ర మింగిన తరవాత ఆమె టిఫిను తినదు. స్నానం, పూజో ప్రార్థనో, కూరగాయల బండి, పనిమనిషి, పొయ్యి మీద పప్పు. "మీరు తినండి, నేను తరవాత తింటాను" అంటుంది. ఆ తరవాత అనేది పదిన్నర కావచ్చు, అసలు రాకపోవచ్చు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆయనకు వడ్డిస్తుంది. గిన్నెలు సర్ది, రెండు గంటలకు మిగిలినదేదో తాను తింటుంది. రాత్రి ఆయనకు రెండు చపాతీలు. తనకు ఆకలి లేదని ఒక గ్లాసు మజ్జిగ తాగి పడుకుంటుంది. రాత్రి మాత్ర మాత్రం మరచిపోదు.

ఈ అలవాటును మనం త్యాగమని మెచ్చుకుంటూ వచ్చాము. షుగరు మాత్రలు వేసుకునే మనిషి విషయంలో ఇది ప్రమాదం.

మాత్ర పనిచేసే తీరు

షుగరు మాత్రలన్నీ ఒకే రకం కావు. గ్లైమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటివి క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తాయి. లోపలికి ఆహారం వచ్చిందా లేదా అన్నది ఆ మాత్ర చూసుకోదు. అన్నం వచ్చినా రాకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. అప్పుడు రక్తంలో ఉన్న చక్కెర కూడా పడిపోతుంది. ఇన్సులిన్ ఇంజక్షను తీసుకునేవారికీ ఇదే భయం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇలా జరగడం అరుదు. కనుక అమ్మగారు వాడే మాత్ర ఏ రకమో అడిగి తెలుసుకోండి. చాలా చీటీలలో రెండు మందులు కలిపిన మాత్ర ఉంటుంది. పేరు ఒకటే కనిపించినా లోపల రెండూ ఉంటాయి.

వయసుతో మూత్రపిండాల పని కొంత తగ్గుతుంది. అందువల్ల కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. ముఖ్యంగా గ్లిబెన్‌క్లమైడ్ విషయంలో పెద్ద వయసువారికి జాగ్రత్త అవసరం. పదేళ్ల క్రితం సరిపోయిన మోతాదు ఇవాళ ఎక్కువ కావచ్చు. పాత చీటీ చూపించి సంవత్సరాల తరబడి అదే మాత్ర కొనుక్కొనే ఇళ్లలో ఈ సంగతి ఎవరికీ తట్టదు.

వయసు అనుకొని వదిలేయకండి

రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే తక్కువ అయినట్టు. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి – ఇవి అందరికీ తెలిసిన గుర్తులు. పెద్దవారిలో ఇవి స్పష్టంగా కనిపించకపోవచ్చు. వాటికి బదులు చిరాకు, తడబడే నడక, ముద్దగా మాట్లాడడం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, పట్టపగలు మగత కనిపిస్తాయి. బి.పి. కోసమో గుండె కోసమో అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వాడేవారిలో దడ, వణుకు మరుగున పడిపోతాయి. చెమట మాత్రం పడుతుంది. రాత్రిపూట చక్కెర తగ్గితే పీడకలలు వస్తాయి, జాకెట్టు చెమటతో తడిసి ఉంటుంది, పొద్దున తలనొప్పితో లేస్తారు.

ఒక ఉదాహరణ చూడండి. భర్తకు ప్రోస్టేట్ ఆపరేషను. భార్య మూడు రోజులుగా వార్డులోనే ఉంది. ఉదయం ఏడింటికి హ్యాండ్‌బ్యాగులోని మాత్ర అలవాటుగా మింగేసింది. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చినప్పుడు తాను లేకపోతే ఎలా అని క్యాంటీనుకు వెళ్లలేదు. పదకొండు గంటలకు బిల్లు కౌంటరు దగ్గర డబ్బు లెక్కపెడుతూ పెడుతూ ఆగిపోయింది. కొడుకు పేరు చెప్పి తండ్రిని పిలుస్తోంది. "నిద్ర లేదు కదా, టెన్షను" అన్నాడు కొడుకు. సిస్టరు వేలికి సూది గుచ్చి చూస్తే 44. ఇంకో గంట ఆగి ఉంటే ఆమెను స్ట్రెచరు మీద తీసుకువెళ్లవలసి వచ్చేది. ఇటువంటిదే ఇంట్లో జరిగితే, పిలవడానికి పక్క గదిలో ఉన్నది ఆపరేషను అయిన మనిషి ఒక్కరే.

అప్పుడు ఏం చేయాలి?

స్పృహ ఉండి మింగగలిగితే మూడు చెంచాల గ్లూకోజు పొడి అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. గ్లూకోజు లేకపోతే పంచదార వేయండి. అయితే వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందులు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. అందుకే ఒక డబ్బా ఇంట్లో, ఒక చిన్న పొట్లం హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. నేతి మిఠాయిలు, చాక్లెట్లు ఆ సమయానికి పనికిరావు. కొవ్వు వల్ల వాటిలోని చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేయండి. 70 దాటకపోతే మరోసారి ఇవ్వండి. తేరుకున్న తరవాత అన్నమో, ఇడ్లీయో తప్పక తినిపించండి.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. పైన చెప్పిన మాత్రల వల్ల చక్కెర పడిపోయినప్పుడు, తేరుకున్న కొన్ని గంటల తరవాత మళ్లీ పడిపోవచ్చు. లేచి కూర్చున్నారు కదా అని ఇంట్లోనే ఉంచుకోకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇది చదివి భయపడి ఎవరూ తమంతట తాము మాత్ర మానేయవద్దు. మానేస్తే చక్కెర పెరిగి వేరే కష్టం వస్తుంది. "నేను ఇన్ని గంటలకు తింటాను, కొన్నిసార్లు రాత్రి తినను" అని డాక్టరుగారికి ఉన్నది ఉన్నట్టు చెబితే మాత్రనో, వేళనో, మోతాదునో మారుస్తారు. నలభై ఏళ్లవారికి పెట్టే చక్కెర లక్ష్యాన్ని డెబ్బయి అయిదేళ్ల బలహీనమైన మనిషికి అంత గట్టిగా పెట్టనవసరం లేదు. కార్తీక సోమవారమైనా, శ్రమదినాల ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా ముందుగానే చెప్పాలి. లైఫ్ సర్టిఫికెట్ కోసం పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడే రోజు కూడా ఒక ఉపవాసం వంటిదే, దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇంట్లో చేయవలసిన మార్పు చిన్నది. రెండు కంచాలు ఒకేసారి పెట్టుకోవాలి. ఆయన తినకుండా ఆమె తినదంటే సరే, ఆయనతోపాటు తినమనండి. ఈ బాధ్యత నాన్నగారికి అప్పగించడం మంచిది. ముప్పై ఏళ్లు బడిలోనో ఆఫీసులోనో వేళ తప్పకుండా పనిచేసిన మనిషికి విరమణ తరవాత పేపరు చదవడం తప్ప పని ఉండదు. ఆమె కంచంలో ఇడ్లీ పడేదాకా ఆమె మాత్ర ఆయన చేతిలో ఉండాలి. కొందరు మొదట నవ్వుతారు, నెల తిరిగేసరికి అలవాటు పడతారు.

దూరాన ఉన్న పిల్లలు రాత్రి ఫోను చేసి "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నాం" అనే జవాబే వస్తుంది. దానివల్ల మీకేమీ తెలియదు. "ఇవాళ టిఫిను ఎన్నింటికి తిన్నావమ్మా? ఏం తిన్నావు?" అని అడగండి. జవాబు చెప్పడానికి ఆలోచించవలసి వస్తే తినలేదన్నమాట. పక్కింటివారి ఫోను నంబరు మీ దగ్గర, మీ ఇంటి తాళంచెవి ఒకటి వారి దగ్గర ఉండాలి.

ఈసారి నాన్నగారిని చూపించడానికి వచ్చేటప్పుడు అమ్మగారు వాడే మాత్రలన్నీ, మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొన్నవాటితో సహా, అదే సంచిలో వేసుకొని రండి. ఓ.పి. చీటీ ఆవిడ పేరున కూడా ఒకటి రాయించండి. పరగడుపున చేసే రక్తపరీక్ష ఉంటే, రక్తం ఇచ్చేదాకా షుగరు మాత్ర వేసుకోవద్దని చెప్పి, టిఫిను డబ్బా కట్టించుకొని తీసుకురండి.