కావ్యోద్యానములలోని గుల్మలతలు – నేటి నర్సరీ నామములు

కావ్యమున వర్ణింపబడిన మొక్కను విద్యార్థికి ప్రత్యక్షముగా చూపగలిగినచో అంతకు మించిన వ్యాఖ్యానము అరుదు. అశోకపు లేజివురును ఒకసారి కన్నవానికి ‘తామ్రపల్లవ’ శబ్దమునకు వేరుగా అర్థము చెప్ప నక్కరలేదు. అందువలన కళాశాలల ఆవరణములలో కావ్యప్రసిద్ధములైన మొక్కలను నాటవలెనను కోరిక అధ్యాపకులకు కలుగుట సహజము. అట్టి మొక్కలకై తెలుగుదేశమున మొదట స్మరణకు వచ్చు స్థలము తూర్పుగోదావరి జిల్లాలోని కడియము. కడియము, కడియపులంక గ్రామముల పరిసరములందలి నర్సరీలలో స్వదేశ విదేశములకు చెందిన గుల్మములు, లతలు, బహువార్షికములు పెంచబడి దూరప్రాంతములకు పంపబడుచున్నవి. సాధారణముగా తోటలలో కానరాని మొక్కలు సైతము అచట లభించును.

అయితే నర్సరీలో మొక్కకు కట్టిన పేరు వ్యవహారమునకు ఉపయోగించు పేరు. అది కోశకారుడు చెప్పిన పేరు కానక్కరలేదు. శబ్దము ఒకటే అయినను అర్థము వేరు కావచ్చును. పేరుచీటీని నమ్మి నాటిన మొక్కను చూపి శ్లోకమునకు అర్థము చెప్పినచో ఆ పొరపాటు విద్యార్థి ద్వారా మరియొక తరమునకు సంక్రమించును. అశోకము, మాధవి, కురవకము, మందార పారిజాతములు అను ఉదాహరణములతో ఈ సమస్యను పరిశీలించుట, నిర్ణయమునకు అనుసరింపదగిన మార్గమును సూచించుట ఈ వ్యాసోద్దేశము.

నిర్ణయమునకు ఆధారములు

మొక్కను నిర్ణయించుటకు నాలుగు ఆధారములు కలవు. మొదటిది కోశము. అమరకోశము ద్వితీయకాండమునందలి వనౌషధివర్గము, దానికి గురుబాలప్రబోధిక వంటి తెలుగు టీకలు ఈ విషయమున ముఖ్యములు. రెండవది వైద్యనిఘంటువు. భావమిశ్రుని భావప్రకాశము వంటి గ్రంథములు ఇచ్చు పర్యాయపదములు చాలవరకు మొక్క యొక్క ఆకు, పూవు, కాయల లక్షణములను చెప్పును. మూడవది కావ్యప్రయోగము. మొక్క పూచు ఋతువు, పూవు రంగు, మొక్క నిలిచిన తీరు కవివాక్యము వలన తెలియును. నాలుగవది వృక్షశాస్త్రజ్ఞులు చేసిన నిర్ణయము.

ఈ నాలుగును ఏకీభవించిన చోట నిర్ణయము నిశ్చితము. భేదించిన చోట సందేహమును సందేహముగనే నిలుపుట పరిశోధకుని ధర్మము.

అశోకము

నర్సరీలో ‘అశోక’ అని అడిగినవానికి సాధారణముగా లభించునది స్తంభమువలె నిటారుగా పెరిగి కొమ్మలు క్రిందికి వ్రేలాడు వృక్షము. ప్రహరీగోడల వెంబడి, కార్యాలయముల ముందు వరుసగా నాటబడునది ఇదియే. దీనికి తెలుగున నరమామిడి అని పేరు. శాస్త్రజ్ఞులు దీనిని చిరకాలము పాలియాల్థియా లాంగిఫోలియా అని వ్యవహరించి, 2012 నుండి మోనూన్ లాంగిఫోలియమ్ అనుచున్నారు. దీని ఆకులు విడివిడి ఆకులు, అంచులు అలలవలె ఉండును. పూవులు ఆకుపచ్చ పసుపు కలసిన రంగుతో ఆకుల నడుమ కంటికి ఆనకుండ ఉండును.

ఇక భావప్రకాశము అశోకమునకు ఇచ్చిన పేర్లను చూడవలెను. హేమపుష్పము, తామ్రపల్లవము, పిండపుష్పము, గంధపుష్పము అను పదములు అందు కలవు. పూవు బంగారు వన్నె, చివురు రాగి వన్నె, పూవులు ముద్దగా గుత్తులుగా ఉండును, వాసన కలదు అని వీని తాత్పర్యము. ఈ లక్షణములలో పూవునకు సంబంధించిన ముఖ్యములు నరమామిడికి పొసగవు. సరాకా అశోకా అను మొక్కకు అన్నియు సరిపోవును. దాని ఆకు చిట్టియాకులు జతలుగా కల సంయుక్తపత్రము. లేజివురులు రాగి వన్నెతో క్రిందికి జాలువారును. పూగుత్తులు కొమ్మలను అంటి ఉండును. రంగుగల ఆ పూవులలో ఆకర్షణపత్రములు లేవు. రక్షకపత్రములే వాని పనిని చేయును.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున తపనీయాశోకమును, మేఘసందేశమున రక్తాశోకమును చెప్పినాడు. ఇవి రెండు జాతులా అను ప్రశ్న రావచ్చును. సరాకా పూవు విచ్చునపుడు పసుపు నారింజ వన్నెలతో ఉండి ముదిరిన కొలది ఎఱ్ఱబారును. కావున ఒకే వృక్షము రెండు అవస్థలలో రెండు విశేషణములకు తగినదై ఉండవచ్చునని ఊహించుట అసంగతము కాదు.

ఈ వృక్షమునకు తెలుగునేలతో సంబంధము గల పండితుడొకడు శాస్త్రనామకరణము చేసినాడు. విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా ఉద్యానమునకు వెళ్ళుటకు పూర్వము సామర్లకోటలో మొక్కలను పెంచి పరిశీలించినాడు. కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించునపుడు తెలుగు పేర్లను అడిగి వ్రాసికొనుట ఆయన పద్ధతి. సంస్కృత విద్వాంసుడగు సర్ విలియం జోన్స్ (1746–1794) స్మృతికి అశోకమును జోనీసియా అశోకా అని ఆయన పిలిచినాడు. పిమ్మట ప్రజాతినామము మారినను, నేటి శాస్త్రనామమున ‘అశోకా’ అను సంస్కృత శబ్దము నిలిచియే ఉన్నది. సంస్కృత నామము శాస్త్రనామమున భద్రముగా ఉండగా, లోకవ్యవహారమున అది మరియొక వృక్షమునకు పోవుట విచిత్రము.

ఈ పొరపాటు పాఠమునకు మాత్రమే పరిమితము కాదు. అశోకపు బెరడు స్త్రీల వ్యాధులకు వాడు అశోకారిష్టమున ప్రధానద్రవ్యము. అసలు అశోకపు బెరడునకు బదులు నరమామిడి బెరడు విపణిలో కలియుచున్నదని ఔషధపరిశోధకులు గుర్తించినారు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 1998లో సరాకా అశోకాను ఆపదకు లోనగు జాతులలో చేర్చినది. పేరు తప్పిన చోట మందు తప్పును. ఉన్న వృక్షము గుర్తింపు లేక నశించును. నర్సరీలలో అసలు అశోకమునకు ‘సీత అశోక’ అను పేరు వాడుకలో కలదు. కొనువారు ఆ పేరుతో అడిగి, ఆకు సంయుక్తపత్రమగునో కాదో చూచి తీసికొనవలెను.

మాధవి

అమరుడు అతిముక్తము, పుండ్రకము, వాసంతి, మాధవి అను పదములను ఒకే లతకు పేర్లుగా చెప్పినాడు. వాసంతి అను పేరే పూచు కాలమును తెలుపుచున్నది. తెలుగు నిఘంటువులు దీనికి పూలగురివెంద అని అర్థము చెప్పినవి. ఇందలి ‘పూల’ అను విశేషణము విడువరానిది. విడిచినచో గురిగింజ తీగ అని భ్రమ కలుగును.

శాస్త్రజ్ఞులు మాధవిని హిప్టేజ్ బెంగాలెన్సిస్ అని నిర్ణయించినారు. ఇది దారువుగల పెద్ద తీగ. తెల్లని పూరేకుల అంచులు కుచ్చులు కుచ్చులుగా చీలి ఉండును. ఒక రేకుపై మాత్రము పసుపు మచ్చ ఉండును. కాయకు మూడు రెక్కలు ఉండుట వలన అది గాలిలో తిరుగుచు పడును. ప్రజాతినామమునకు మూలము ‘ఎగురు’ అను అర్థముగల గ్రీకు ధాతువు.

నర్సరీలలో ఈ తీగ అరుదు. మాధవి అని అడిగినచో మధుమాలతి పేరుగల తీగ చేతికి వచ్చుట కలదు. అది తెలుగువారి రాధామనోహరము, శాస్త్రనామము కాంబ్రీటమ్ ఇండికమ్. దాని పూవు పొడవైన గొట్టముతో తెల్లగా విచ్చి, గులాబి వన్నెకు తిరిగి, పిదప ఎఱ్ఱనగును. అందమైనదే కాని మాధవి కాదు. కుచ్చు రేకులు, పసుపు మచ్చ, రెక్కల కాయ అను మూడు గుర్తులతో ఈ రెండింటిని సులభముగా వేరు చేయవచ్చును.

కురవకము

పై రెండింటియందు నిర్ణయము సులభము. కురవకమున అట్లు కాదు. అమరుడు అమ్లానమున ఎఱ్ఱనిది కురవకమనియు, పచ్చనిది కురంటకమనియు చెప్పి, ఝింటియందును ఎఱ్ఱనిదానికి కురవకమను పేరే చెప్పినాడు. నల్లని లేక నీలి ఝింటికి బాణము మొదలగు పేర్లు కలవు. అనగా కోశముననే ఈ శబ్దము రెండు చోట్ల ఉన్నది. తెలుగున కురవకమునకు ఎఱ్ఱగోరంట అని అర్థము. ఇచట గోరంట అనగా చేతులకు పెట్టుకొను గోరింట కాదు. బార్లేరియా ప్రజాతికి చెందిన గుల్మము. పచ్చపూల ముళ్ళగోరింట బార్లేరియా ప్రయోనిటిస్; ఇది కురంటకమునకు సరిపోవుచున్నది.

కావ్యప్రయోగములను చూచినచో కొన్ని విషయములు స్పష్టములగును. ఉత్తరమేఘమున యక్షుని గృహోద్యానమున మాధవీమండపము, దానికి కురవకపు వృతి, సమీపమున రక్తాశోకము, కేసరము వర్ణింపబడినవి. ఒక్క శ్లోకమున పందిరికి తీగ, కంచెకు గుల్మము, నీడకు వృక్షములు కూర్చబడినవి. దీనివలన కురవకము దట్టముగా పెరిగి కంచెకు పనికివచ్చు గుల్మమని తెలియుచున్నది. బార్లేరియా జాతులు ఇందుకు అనువైనవి.

చిక్కు ఋతువు వలన వచ్చును. అలకాపురస్త్రీలు ఆరు ఋతువుల పూవులను ఒకేసారి ధరించుటను చెప్పు శ్లోకమున కొప్పులోని క్రొత్త కురవకము వసంతమునకు ప్రతినిధి. రఘువంశమున వసంతవర్ణనయందును కురవకము కలదు. బార్లేరియా జాతులు ముఖ్యముగా శీతకాలమున పూయును. తెలుగునాట డిసెంబరు పూలు అని ప్రసిద్ధమైన బార్లేరియా క్రిస్టేటాకు ఆ పేరు వచ్చుటకు కారణము ఇదియే.

రంగు విషయమున మరియొక చిక్కు కలదు. మాళవికాగ్నిమిత్రమున కురవకము శ్యామ, అవదాత, అరుణ వర్ణములతో చెప్పబడినది. అమరుడు చెప్పిన ఎఱ్ఱదనము దీనికి చాలదు. డిసెంబరు పూలలో ఊదా, తెలుపు, గులాబి వన్నెలు కలవు కావున రంగు వలన ఆ మొక్క దగ్గరగును; ఋతువు వలన దూరమగును. ఎఱ్ఱని పూవు కావలెనని నర్సరీలో లభించు బార్లేరియా రెపెన్స్‌ను కురవకముగా తీసికొనుట మరింత పొరపాటు. అది ఆఫ్రికాఖండమునకు చెందినది.

కావున కురవకమును ఝింటీజాతి గుల్మమని సామాన్యముగా చెప్పవచ్చును గాని, ఫలానా జాతియే అని నిశ్చయముగా చెప్పుటకు ఆధారము చాలదు. ఒకే శబ్దము వేర్వేరు ప్రాంతములలో, వేర్వేరు కాలములలో ఒకటికి మించిన మొక్కలకు వాడబడి ఉండవచ్చును.

మందార పారిజాతములు

తెలుగు విద్యార్థికి మందారమనగా ఇంటి పెరటి హైబిస్కస్. సంస్కృతమున దానికి జపా అని పేరు. తెలుగున దాసాని అను పాతమాట కలదు. సంస్కృత మందార శబ్దమునకు అమరకోశమున మూడు అర్థములు కనబడుచున్నవి: దేవతరువులు ఐదింటిలో ఒకటి, పారిభద్రము, అర్కము. పారిభద్రమనగా బాడిదె, ఎరిత్రినా ప్రజాతి, అర్కమనగా జిల్లేడు. ఈ మూడింటిలో హైబిస్కస్ లేదు. కావున సంస్కృతశ్లోకమున మందారము వచ్చినపుడు పెరటి మందారమును చూపుట తగదు.

పారిజాతమును గూర్చియు ఇట్టి జాగ్రత్త అవసరము. అమరుడు దీనిని దేవతరువుగనే గాక పారిభద్రమునకు పర్యాయముగను చెప్పినాడు. తెలుగువారు రాత్రి పూచి తెల్లవారుసరికి రాలు, కాడ కుంకుమవన్నెగల పూవును పారిజాతమందురు. అది నిక్టాంథిస్ ఆర్బర్-ట్రిస్టిస్. నంది తిమ్మన పారిజాతాపహరణము బోధించునపుడు కావ్యమునందలిది దేవతరువు, పెరటిలోనిది లోకప్రసిద్ధి వలన ఆ పేరు పొందినది అను భేదమును చెప్పుట మేలు. లోకప్రసిద్ధి తప్పు కాదు; అది భాషాచరిత్రలో భాగము. దానిని కవివివక్షగా భ్రమించుటయే తప్పు.

కాలపరీక్ష

నర్సరీలో సంస్కృతపు పోలిక గల పేర్లతో ఉన్న మొక్కలలో కొన్ని అమెరికాఖండమునుండి వచ్చినవి. దేవగన్నేరు, పచ్చగన్నేరు ఇట్టివి. కరవీరమనగా మన గన్నేరు. పచ్చగన్నేరు ప్రాచీన కరవీరభేదము కాదు. 1492కు పిమ్మట గాని ఆ ఖండపు మొక్కలు ఇచటికి వచ్చు మార్గము ఏర్పడలేదు. ప్రాచీన కావ్యమునకు వీనిని ఉదాహరణముగా చూపరాదు.

ఉద్యానపద్ధతి

సరియైన మొక్కను గుర్తించిన తరువాత నాటుటకు సైతము ప్రాచీన ప్రమాణము కలదు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున అశోకమును, అతిముక్తమును పనస, దానిమ్మ, ద్రాక్ష మొదలగు వానితో కలిపి కాండమునుండి నాటదగినవిగా చెప్పి, గోమయము పూయవలెనన్నాడు. కొమ్మలనుండి, అంట్లనుండి మొక్కను తీయు నేటి నర్సరీ విధానమునకు ఇది దగ్గరి మాట. వృక్షములకు నడుమ ఇరువది హస్తముల దూరము ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు కనీసము అని ఆయన నియమము. అశోకమును తోటలో మొదట నాటదగిన మంగళవృక్షములలో ఆయన చేర్చినాడు. అట్టి స్థానమున నరమామిడిని నాటి అశోకమని వ్రాయుట శాస్త్రమునకును, విద్యార్థికిని అన్యాయమే.

ఉపసంహారము

కళాశాలలో కావ్యవనము పెంచునపుడు ప్రతి మొక్క ముందు ఫలకముపై సంస్కృతనామము, తెలుగునామము, శాస్త్రనామము, నిర్ణయమునకు ఆధారమైన గ్రంథము ఉండవలెను. కురవకము వంటి వానికి సందేహచిహ్నము ఉంచవలెను. పూచిన మాసమును ఏటేట వ్రాసిపెట్టినచో, కొన్ని సంవత్సరములకు ఆ పట్టికయే ఋతువర్ణనలను పరీక్షించుటకు సాధనమగును. నర్సరీవారికి మొక్కను బ్రతికించు విద్య తెలియును. పేరును నిర్ణయించు భారము కోశమును చదివినవారిది. ఆ భారమును పేరుచీటీకి అప్పగించినచో, అశోకమును ఎరుగని అశోకవనమే విద్యార్థికి మిగులును.