పట్టణ విక్రయ కమిటీలో అడుగుపెట్టే వకీలుకు



2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో కలెక్టరేటు, బస్టాండు, మార్కెట్టు ఎక్కడుంటే అక్కడికి తోపుడుబండ్లు చేరడం సహజం కాబట్టి, రోడ్డుకూ చిరువ్యాపారి బతుకుదెరువుకూ నడుమ తగవు తీర్చడం పురపాలక సంఘానికి తప్పని బాధ్యత. అందుకోసం 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీని, అంటే ఎవరు ఎక్కడ అమ్ముకోవాలన్న ప్రణాళికకు సిఫారసులు చేసే సంఘాన్ని ఏర్పరచింది. మునిసిపల్ కమిషనర్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవారే కావాలి, వారిలో మూడో వంతు మహిళలుండాలి. తక్కిన సభ్యులను ప్రభుత్వం నామినేట్ చేస్తుంది.

పురపాలక సంఘం తరఫున కోర్టులో వాదించే న్యాయవాదికి ఈ కమిటీలో స్థానం దక్కడం గౌరవమే అయినా, కక్షిదారు పక్షం వహించడం వకీలు ధర్మం కాగా, అన్ని పక్షాలనూ విని సిఫారసు చేయడం సభ్యుడి ధర్మం కనుక, ఆ రెంటినీ ఒకే విషయంలో కలపకూడదు. 1969లో క్రైపాక్ కేసులో సుప్రీంకోర్టు జమ్మూ కాశ్మీర్ అటవీ అధికారుల ఎంపికను కొట్టివేయడానికి కారణం, అభ్యర్థుల్లో ఒకరు ఎంపిక మండలిలోనూ సభ్యుడు కావడమే. తన పేరు పరిశీలించే వేళ ఆయన పక్కకు తప్పుకున్నా, ఇతరుల పేర్లపై చర్చలో పాల్గొన్నందువల్ల, తన వ్యవహారంలో తానే తీర్పరి కారాదన్న సహజన్యాయ సూత్రానికి భంగం కలిగిందని న్యాయస్థానం తేల్చింది. పక్షపాతం జరిగిందని రుజువు కానక్కరలేదు, జరిగే సహేతుకమైన అవకాశం ఉంటే చాలు.

కమిటీలో కూర్చునే వకీలు చట్టాన్ని పురపాలక సంఘానికి కవచంగా కాక, అందరికీ కొలబద్దగా చదవాలి. వ్యాపారుల సర్వే పూర్తయి విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదనీ, వేరే చోటికి తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలనీ, సహజ మార్కెట్టును, అంటే కొనేవారూ అమ్మేవారూ ఎంతోకాలంగా కూడుతున్నట్టు సర్వే గుర్తించిన చోటును, విక్రయ నిషేధ ప్రాంతంగా ప్రకటించరాదనీ ఆ చట్టం చెబుతుంది. ఈ నియమాలను కమిషనరు ముందు గుర్తుచేయడానికి వెనుకాడే న్యాయవాది వల్ల కమిటీకి ప్రయోజనం లేదు. సర్వే జాబితా చదవకుండా, బజారు తిరిగి చూడకుండా సమావేశానికి వెళ్లడమూ తగదు.

పదవి స్వీకరించే ముందే తన చేతిలోని పురపాలక కేసులను కమిటీకి రాతపూర్వకంగా తెలపాలి. వాటితో ముడిపడిన అంశం వస్తే చర్చ మొదలుకాకముందే లేచి వెళ్లి, ఆ సంగతిని మినిట్స్‌లో, అంటే సమావేశపు అధికారిక నమోదులో రాయించాలి. కమిటీ సిఫారసుపై హైకోర్టులో రిట్ పడితే వకాల్తాను మరో న్యాయవాదికి అప్పగించాలి. ఆ వకాల్తానూ సభ్యత్వాన్నీ రెంటినీ నిలుపుకోవాలనుకునేవారు సభ్యత్వాన్ని స్వీకరించకపోవడమే మేలు.