పనిచోటి రహస్యం కూడా అమానతే

ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి ఒక కాగితం చూపించాడు. అతను హైదరాబాదులో ఇళ్లకు, ఆఫీసులకు తోటలు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. లాన్ పరచడం, డ్రిప్పు పైపులు అమర్చడం, కడియం నర్సరీల నుంచి మొక్కలు తెప్పించడం అతని పని. “మౌలానా సాబ్, దీని మీద సంతకం పెట్టమంటున్నారు. పెడితే రేపు సొంతంగా పని చేసుకునే దారి మూసుకుపోతుందేమో! పెట్టకపోతే ఉన్న ఉద్యోగం పోతుందేమో! షరీఅత్ ఏమంటుంది?” అని అడిగాడు.

ఆ కాగితంలో మూడు షరతులున్నాయి. మొదటిది: ఖాతాదారుల జాబితా, కొటేషన్లు, తోటల నక్షాలు ఎవరికీ చెప్పకూడదు. రెండవది: పని మానేశాక ఐదేళ్ల వరకు ఈ నగరంలో తోటపని చేయకూడదు. మూడవది: పనిచోట ఏం జరిగినా బయట నోరు విప్పకూడదు. మూడూ ఒకే కాగితం మీద ఉన్నా, మూడింటి తీర్పు ఒకటి కాదు. ఈ తేడాను యజమానులూ పనివారూ ఇద్దరూ తెలుసుకోవాలి.

రహస్యం దాచడం తప్పా?

కాదు. హజ్రత్ యూసుఫ్ (అలై) తన కల గురించి చెప్పినప్పుడు, దానిని సోదరులకు చెప్పవద్దని తండ్రి హజ్రత్ యాఖూబ్ (అలై) హెచ్చరించారు (యూసుఫ్: 5). హాని కలుగుతుందన్న భయం ఉన్నచోట ఒక విషయాన్ని దాచుకోవడం వివేకమే. బాలుడైన హజ్రత్ అనస్ (రజి)ని దైవప్రవక్త (స) ఒక పని మీద పంపారు. ఆలస్యంగా ఇంటికి వచ్చిన కుమారుణ్ణి తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఏ పని అని అడిగారు. అది రహస్యమని అనస్ (రజి) బదులిచ్చారు. ఆ తల్లి గుచ్చి గుచ్చి అడగలేదు. ప్రవక్త (స) రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని కుమారునికే బోధించారు (ముస్లిం). మన ఇళ్లలో తల్లులు పిల్లలకు నేర్పవలసిన పాఠం ఇది.

కొందరు, జ్ఞానాన్ని దాచేవారికి హదీసులో హెచ్చరిక ఉంది కదా అంటారు. ఆ హెచ్చరిక ప్రజలకు అవసరమైన ధర్మజ్ఞానాన్ని దాచేవారి గురించి అని పండితులు వివరించారు. ఒక వ్యాపారి తన కొటేషన్‌ను పోటీదారునికి చెప్పకపోవడం దాని కిందికి రాదు.

మొదటి షరతు: అమానతు

ఏళ్ల తరబడి తిరిగి కూడగట్టిన ఖాతాదారుల జాబితా, ఏ మొక్క ఎక్కడ ఎంతకు దొరుకుతుందన్న లెక్క, ఒక ఇంటి కోసం గీసిన నక్షా ఇవన్నీ యజమాని శ్రమఫలం. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ వ్యాపార నామం, ట్రేడ్‌మార్కు, నూతన ఆవిష్కరణల వంటివాటిపై యజమానికి హక్కు ఉందనీ, దానిపై దౌర్జన్యం చేయరాదనీ నిర్ణయించింది. వ్యాపార రహస్యానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒప్పందాలు నెరవేర్చాలన్నది దైవాజ్ఞ (అల్ మాయిదా: 1). అమానతులో ఖియానతు చేయడాన్ని దైవప్రవక్త (స) కపట విశ్వాసి లక్షణాలలో చేర్చారు (బుఖారీ, ముస్లిం).

కాబట్టి ఈ షరతుకు కట్టుబడటం తప్పనిసరి. సంతకం లేకపోయినా ఇది అమానతే. పని మానేసేముందు ఖాతాదారుల నెంబర్లు సెల్‌ఫోనులోకి ఎక్కించుకోవడం, నక్షాలను ఫోటో తీసుకోవడం ఖియానతు అవుతుంది. అలా తెచ్చుకున్న జాబితాతో సంపాదించే రొట్టెలో బర్కతు ఎక్కడిది?

తోటపనివారి దగ్గర మరో అమానతు కూడా ఉంటుంది. వారు ఇంటి ఆవరణలోకి వెళతారు. ఆ ఇంటి స్త్రీల పర్దా, ఇంటివారు ఊళ్లో లేని రోజులు, గేటు తాళం ఎక్కడ పెడతారన్నది వారికి తెలుస్తుంది. ఇవి యజమానికి కాదు, ఆ ఇంటివారికి చెందిన రహస్యాలు. ఒప్పందంలో రాయకపోయినా వీటిని కాపాడవలసిందే.

రెండవ షరతు: ఉపాధి మీద తాళం

మట్టి కలపడం, కొమ్మ కత్తిరించడం, లాన్‌కు నీరు పెట్టడం యజమాని సొత్తు కాదు. అది అల్లాహ్ ఆ చేతులకు ప్రసాదించిన నైపుణ్యం. జాబితాను తిరిగి అప్పగించవచ్చు. నేర్చిన పనిని ఎలా అప్పగించగలరు? ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉంటారనీ, అయితే ధర్మసమ్మతమైనదాన్ని నిషేధించే షరతు దీనికి మినహాయింపు అనీ హదీసు ఉంది (తిర్మిజీ). ఇతరులకు హాని కలిగించరాదన్నది కూడా షరీఅత్ మూలసూత్రం.

మన దేశ చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ధర్మబద్ధమైన వృత్తిని, వ్యాపారాన్ని చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. అయితే ఉద్యోగంలో ఉన్నంతకాలం అదే పనిని మరొకరి కోసం చేయకూడదన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. పగలు యజమాని జీతం తీసుకుంటూ, సాయంత్రం అతని ఖాతాదారులనే తనవైపు తిప్పుకోవడం ఏ విధంగానూ సమ్మతం కాదు.

అలాగని “ఎలాగూ చెల్లదు కదా” అనుకుని, మాట తప్పాలనే ఉద్దేశంతో సంతకం పెట్టడం మోసం. సంతకానికి ముందే మర్యాదగా చెప్పండి: “మీ రహస్యాలు కాపాడతాను, కానీ ఈ షరతు తీసేయండి.”

మూడవ షరతు: అన్యాయానికి ముసుగు

మంచి మొక్కల ధర తీసుకుని నాసిరకం నాటడం, పిల్లలు ఆడుకునే చోట ప్రమాదకరమైన మందు చల్లడం, కూలీల జీతం ఎగ్గొట్టడం వ్యాపార రహస్యాలు కావు. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) గట్టిగా మందలించారు. అన్యాయం చేసే సోదరునికి కూడా సహాయపడమని, అంటే అతని చేతిని ఆపమని బోధించారు (బుఖారీ). ముందు యజమానికే ఏకాంతంలో చెప్పాలి. వినకపోతే, హాని పొందేవారికి అవసరమైనంత మేరకు తెలపాలి. కోపంతో, పగతో ప్రచారం చేయడం వేరు.

యజమానులకు ఒక మాట

అప్పు లావాదేవీలను రాసుకోమనీ, చెప్పి రాయించలేనివాని తరఫున న్యాయంగా రాయించమనీ, సాక్షులను పెట్టుకోమనీ దివ్యఖుర్‌ఆన్ బోధిస్తుంది (అల్ బఖరా: 282). ఇందులోని వివేకం ఈ ఒప్పందాలకూ దారి చూపుతుంది. పనివానికి వచ్చిన భాషలో రాయండి, చదివి వినిపించండి. “అన్నీ రహస్యమే” అని కాక, ఏవి రహస్యమో ఒక్కొక్కటిగా పేర్కొనండి. ఒక ప్రతి అతనికి ఇవ్వండి. ఈ కాగితాన్ని సాకుగా చూపి అతని జీతం ఆపకండి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది ప్రవక్త (స) ఆదేశం (ఇబ్నె మాజా). ఆకలితో ఉన్నవాణ్ణి కాగితం ఎంతకాలం ఆపగలదు?

ఆ యువకుడు తన యజమానితో మాట్లాడాడు. యజమాని రెండవ షరతును కొట్టేశాడు. మూడవదానికి “చట్టవిరుద్ధమైనవి మినహా” అని చేర్చాడు. మొదటిదానిపై ఇద్దరూ సంతకం చేశారు.

ఖైబర్ తోటల పంటను అంచనా వేయడానికి వెళ్లిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి)కి అక్కడివారు నగలు లంచంగా ఇవ్వజూపితే ఆయన తిరస్కరించారు. అల్లాహ్ మన చేతులకూ, నాలుకలకూ అలాంటి అమానతుదారీని ప్రసాదించుగాక! ఆమీన్.

మననం చేసుకోండి

1. సంతకం లేకపోయినా అమానతుగా ఉండే విషయాలు ఏవి?
2. ఖాతాదారుల జాబితాకూ, నేర్చుకున్న పనికీ తేడా ఏమిటి?
3. ఎలాంటి విషయాన్ని రహస్యం పేరుతో దాచకూడదు?