గొలుసు ఆగితేనే గుట్టు తెలుస్తుంది

సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204 పేరు వినని వారు మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో వుండరు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ వరికి ఎండాకు తెగులును తట్టుకొనే శక్తి లేదు. తెగులు సోకితే ఆకులు కొసల నుండి ఎండుతాయి, గింజ తాలుపోతుంది, రైతు పెట్టుబడి మునుగుతుంది. దీనికి విరుగుడు కొన్ని ఇతర వరి రకాల జన్యువులలో వున్నది. మరి జన్యువును చదివేదెట్లా? ఆ ఉపాయం నాకర్థమైన మేరకు చెబుతాను.

డి.ఎన్.ఏ. అంటే ఎ, టి, జి, సి అనే నాలుగక్షరాల గొలుసు. ఎ ఎదుట టి, జి ఎదుట సి మాత్రమే కూర్చుంటాయి. ఒక పోగును మూసగా ఇస్తే, పాలిమరేజ్ అనే ఎంజైము దాని ఎదుటి పోగును ఒక్కొక్క అక్షరంగా అల్లుతుంది. గూడ్సు బండికి వ్యాగన్లు తగిలించినట్లే ననుకోండి. ప్రతి వ్యాగనుకూ వెనుక కొక్కెం వుండాలి కదా! అక్షరానికి ఆ కొక్కెం, దాని చక్కెర భాగంలో మూడవ కార్బను మీది హైడ్రాక్సిల్ సమూహం. అది లేనిదే డైడియాక్సీ అక్షరం. అది చేరిందా, బండి అక్కడితో సరి!

ఫ్రెడరిక్ సాంగర్ బృందం 1977లో ఈ లోపాన్నే సాధనంగా మలచుకొన్నది. నాలుగు నాళికలలో మూసపోగు, ప్రైమరు, ఎంజైము, మామూలు అక్షరాలు వేసి, ఒక్కో నాళికలో ఒక్కో రకం డైడియాక్సీని కొద్దిగా కలిపారు. కొద్దిగానే ఎందుకు? ఎక్కువైతే గొలుసులన్నీ మొదట్లోనే ఆగిపోతాయి. కొద్దిగా అయితే కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ ఆగి అన్ని పొడవులూ దొరుకుతాయి. జెల్‌లో విద్యుత్తు ప్రసరింపజేస్తే పొట్టివి ఎక్కువ దూరం క్రిందికి పోతాయి.

ప్రైమరు తరువాత టి నాళికలో 1, 5; ఎ నాళికలో 2; సి నాళికలో 3; జి నాళికలో 4 అక్షరాల దగ్గర గొలుసులు ఆగాయనుకోండి. క్రింది నుండి పైకి చదివితే టి-ఎ-సి-జి-టి. మూసపోగులో వాటి జోడీలు ఎ-టి-జి-సి-ఎ. ఇంతే కిటుకు! దీనికే సాంగర్‌కు 1980లో రెండవ నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

సుమారు 39 కోట్ల అక్షరాల వరి జన్యుపటాన్ని, మన దేశం కూడా పాల్గొన్న అంతర్జాతీయ బృందం ఈ సూత్రంతోనే చదివి 2005లో ప్రచురించింది. జన్యువుల ఆనవాళ్ళు తెలిశాక, హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలసి మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి సంకరం ద్వారా చేర్చాయి. అలా మెరుగుపడిన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

నేడు వేగవంతమైన యంత్రాలు వచ్చినా, ఒక చిన్న ముక్కను సరిచూడాలంటే సాంగర్ పద్ధతినే ఆశ్రయిస్తున్నారు. కనుక మిత్రులారా, దీన్ని పరీక్ష కోసం బట్టీ పట్టకండి. సాగరు ఎడమ కాలువ క్రింది మళ్ళలో దీనితో పని వున్నది.