సర్వీసు మొదలవలేదా? ముందు దాని వెనక ఎవరున్నారో చూడండి

కంప్యూటర్ ఆన్ అవుతుంది. తెర మామూలుగానే వెలుగుతుంది. కానీ పరీక్ష హాల్ టికెట్ ప్రింట్ ఇవ్వబోతే ప్రింటర్ జాబితా ఖాళీగా ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి పెదవులు కదులుతాయి, మాట మాత్రం వినబడదు. నవంబరు నెలలో పింఛనుదారు వేలిముద్ర యంత్రం మీద వేలు పెడితే అందులో దీపమే వెలగదు. ఇలాంటప్పుడు మన ఇళ్లలో మొదట వినబడే మాట ‘వైరస్ వచ్చిందేమో’. ఆ వెంటనే వచ్చే సలహా ‘ఫార్మాట్ చేయించేద్దాం’. ముందుజాగ్రత్త లేకుండా ఫార్మాట్ చేయిస్తే పదేళ్ల ఫొటోలు, ఇంటి పన్ను రసీదులు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ పోతాయి. చాలా సందర్భాల్లో అంత దూరం వెళ్లనక్కరలేదు. తెర వెనక నడవవలసిన ఒక సర్వీసు మొదలవలేదు, అంతే. ఎందుకు మొదలవలేదో తెలుసుకోవడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోగల విషయమే.

ఇక్కడ చెప్పేదంతా ఇంట్లోని విండోస్ 10, విండోస్ 11 కంప్యూటర్ల గురించి. శాఖలోని కంప్యూటర్ల జోలికి వెళ్లవద్దు. వాటికి బ్యాంకు ఐటీ విభాగం ఉంది, దాని నియమాలు ఉన్నాయి.

సర్వీసు అంటే ఏమిటి?

వర్డ్, ఎక్సెల్ వంటివి మనం తెరిస్తే తెరుచుకుంటాయి, మూస్తే మూసుకుంటాయి. సర్వీసులు అలా కావు. వాటికి తెర మీద కిటికీ ఉండదు. మనం పాస్‌వర్డ్ కొట్టకముందే చాలావరకు పనిలో దిగుతాయి. ప్రింట్ ఆదేశాలను వరుసలో నిలబెట్టేది ఒకటి, ధ్వనిని స్పీకరుకు చేర్చేది ఒకటి, వైఫైని కలిపేది ఒకటి. వీటన్నిటినీ ఒక క్రమంలో లేపే పెద్ద పేరు సర్వీస్ కంట్రోల్ మేనేజర్.

ఆ క్రమం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. ఉదయం శాఖ తెరిచే తీరు గుర్తు చేసుకోండి. స్ట్రాంగ్ రూము తెరవాలంటే జాయింట్ కస్టోడియన్లు ఇద్దరూ తమ తమ తాళాలతో రావాలి. ఒకరి బస్సు ఆలస్యమైతే రూము తెరుచుకోదు, క్యాషు బయటికి రాదు, కౌంటరు మొదలవదు. వరుసలో నిలబడిన ఖాతాదారుకు కనబడేది ఖాళీగా కూర్చున్న క్యాషియరు మాత్రమే. కోపం ఆయన మీదికే వెళుతుంది. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు.

కంప్యూటర్‌లోనూ ఇదే జరుగుతుంది. ఒక సర్వీసు మొదలవాలంటే దానికి ముందు మరొకటి మొదలై ఉండాలి. దీన్ని డిపెండెన్సీ అంటారు. ఉదాహరణకు విండోస్ ఆడియో అనే సర్వీసు, విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ అనే మరో సర్వీసు మీద ఆధారపడుతుంది. రెండోది లేవకపోతే మొదటిదాన్ని ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. అందుకే మొరాయించిన సర్వీసును చూసి ఆగిపోకండి, దాని వెనక ఎవరున్నారో చూడండి.

మొదటి పని రీస్టార్ట్

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం, రీస్టార్ట్ నొక్కడం ఒకటి కావు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు. సర్వీసుల స్థితితో సహా డిస్కులో దాచుకుని, మర్నాడు అక్కడినుంచే లేస్తుంది. అంటే నిన్నటి చిక్కు నేటికీ అలాగే వస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది. కాబట్టి ముందు రీస్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి.

సర్వీసులు కనబడే చోటు

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఆంగ్ల అక్షరాల్లో ‘సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సి’ అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. పొడవైన జాబితా వస్తుంది. ప్రతి పేరు పక్కన స్థితి, మొదలయ్యే పద్ధతి ఉంటాయి. పద్ధతులు ముఖ్యంగా నాలుగు:

ఆటోమేటిక్: కంప్యూటర్‌తో పాటే మొదలవుతుంది.
ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్: మిగిలినవి లేచాక, సుమారు రెండు నిమిషాల తర్వాత మొదలవుతుంది.
మాన్యువల్: అవసరం పడినప్పుడే మొదలవుతుంది.
డిజేబుల్డ్: మొదలు కావద్దని ఎవరో ఆపి ఉంచారు.

ఆగి ఉన్నదల్లా చెడిపోయినది కాదని ఇక్కడే గ్రహించాలి. మాన్యువల్ అని ఉన్న సర్వీసు ఆగి ఉండటం దాని సహజ స్థితి. ఇంటి కంప్యూటర్‌లో విండోస్ టైమ్ సర్వీసు చాలాసేపు ఆగే ఉంటుంది. ఆటోమేటిక్ అని ఉండీ ఐదు నిమిషాల తర్వాత కూడా రన్నింగ్ అని రాకపోతే, అప్పుడు దాని సంగతి చూడవలసిందే. కొన్ని సర్వీసులు పని ముగించుకుని తమంతట తామే ఆగుతాయి కనుక, ఆగిన సర్వీసుకూ మీకు ఎదురైన ఇబ్బందికీ సంబంధం ఉందో లేదో కూడా చూసుకోండి.

ఆ పేరు మీద రెండుసార్లు నొక్కితే వచ్చే కిటికీలో డిపెండెన్సీస్ అనే పుట ఉంటుంది. పై సగంలో ఉన్నవి దీనికి ఆధారం. కింది సగంలో ఉన్నవి దీని మీద ఆధారపడినవి. పై సగంలోని ఒక్కో పేరునూ జాబితాలో వెతికి, రన్నింగ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆగిన దాన్ని ముందు మొదలుపెట్టి, తర్వాత మీకు కావలసిన దానికి రండి.

సంఖ్య చెప్పే కథ

స్టార్ట్ నొక్కితే ఒక్కోసారి తప్పు సంఖ్య చూపించి ఆగిపోతుంది. ఆ పెట్టెను మూసేయకుండా సంఖ్యను కాగితం మీద రాసుకోండి.

1068: దీనికి ఆధారమైన సర్వీసు మొదలవలేదు. డిపెండెన్సీస్ పుట చూడాలి.
1058: డిజేబుల్డ్‌లో ఉంది, లేదా దానికి సంబంధించిన పరికరం అందుబాటులో లేదు. ముందుగా మొదలయ్యే పద్ధతి చూడాలి.
1053: ఇచ్చిన గడువులో సర్వీసు బదులు పలకలేదు. మామూలుగా ఆ గడువు 30 సెకన్లు. నెమ్మదైన డిస్కు, పాడైన ప్రోగ్రాము వంటివి కారణం కావచ్చు.
5: అనుమతి లేదు. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో చేస్తున్నారా అని చూసుకోవాలి.
2: సర్వీసుకు చెందిన ఫైలు దొరకలేదు. ఆ ప్రోగ్రామును మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసి రావచ్చు.

సంఖ్య చూడకుండానే పెట్టె మాయమైతే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అది కంప్యూటర్ రాసుకునే దినచర్య పుస్తకం. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్ అనే భాగంలో సర్వీస్ కంట్రోల్ మేనేజర్ పేరుతో ఉన్న నమోదులు చదవండి. 7001 సంఖ్య గల నమోదు, ఏ సర్వీసు ఏ సర్వీసు వల్ల ఆగిందో పేర్లతో సహా చెబుతుంది. 7009 అంటే గడువు దాటింది.

ఇంట్లో తరచు ఎదురయ్యేవి

ప్రింటర్: దీని సర్వీసు పేరు ప్రింట్ స్పూలర్. సగంలో చెడిన ఒక ప్రింట్ ఆదేశం వరుసలో ఇరుక్కుంటే స్పూలర్ లేవగానే దాన్నే పట్టుకుని మళ్లీ పడిపోవచ్చు. ముందు స్పూలర్‌ను స్టాప్ చేయండి. తర్వాత సి డ్రైవ్‌లో విండోస్, దానిలో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ అనే ఫోల్డరు తెరవండి. లోపలి ఫైళ్లను మాత్రమే తొలగించండి, ఫోల్డరును ఉంచండి. ఇప్పుడు స్పూలర్‌ను స్టార్ట్ చేసి, ప్రింట్ మళ్లీ ఇవ్వండి.

ధ్వని: ముందు ఎండ్‌పాయింట్ బిల్డర్, తర్వాత విండోస్ ఆడియో. ఈ క్రమంలో రెండింటినీ రీస్టార్ట్ చేయండి. రెండూ నడుస్తున్నా మాట వినబడకపోతే సమస్య డ్రైవరులోనో, తీగలోనో ఉండవచ్చు.

వేలిముద్ర యంత్రం: జీవన ప్రమాణ పత్రానికి వాడే ఈ యంత్రాలకు ఆర్‌డి సర్వీసు అనేది ఉంటుంది. యంత్రం బాగానే ఉన్నా ఆ సర్వీసు ఆగితే ముద్ర తీసుకోదు. యంత్రాన్ని తీసి, సర్వీసును రీస్టార్ట్ చేసి, మళ్లీ పెట్టి చూడండి. సర్వీసు నడుస్తూనే ఉన్నా ముద్ర తీసుకోకపోతే యంత్రం రిజిస్ట్రేషన్ గడువు తీరి ఉండవచ్చు. అప్పుడు కంప్యూటర్‌ను ఎంత బాగుచేసినా ఫలితం ఉండదు. పత్రం ఇవ్వవలసిన గడువు దగ్గరపడితే యంత్రంతో కుస్తీ పట్టకండి. మొబైల్‌లో ముఖ గుర్తింపు ద్వారా ఇవ్వవచ్చు, శాఖకు వెళ్లి కూడా ఇవ్వవచ్చు. పింఛను ఆగకుండా చూసుకోవడం ముఖ్యం.

తేదీ తప్పడం: పాత డెస్క్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే, బ్రౌజరు నెట్ బ్యాంకింగ్ పుటను సురక్షితం కాదంటూ తెరవనివ్వదు. టైమ్ సర్వీసును అనుమానించే ముందు మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీని మార్పించండి. బ్రౌజరు హెచ్చరికను దాటుకుని మాత్రం లోపలికి వెళ్లకండి.

విండోస్ అప్‌డేట్: డేటా మిగులుతుందని ఎవరో దీన్ని డిజేబుల్డ్‌లో పెట్టి మరచిపోయిన ఇళ్లు ఎన్నో. అప్‌డేట్లు ఆగితే రక్షణా ఆగుతుంది. దాన్ని తిరిగి మాన్యువల్‌కు మార్చండి.

అప్పటికీ లేవకపోతే

ముందుగా ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవులోకి గానీ, బయటి డిస్కులోకి గానీ కాపీ చేసుకోండి. సి డ్రైవ్‌లో ఖాళీ ఉందో లేదో చూడండి. డిస్కు నిండిపోతే సర్వీసులు రకరకాలుగా మొరాయిస్తాయి.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంపికతో తెరవండి. అందులో రెండు ఆదేశాలు ఒకదాని తర్వాత ఒకటి ఆంగ్ల అక్షరాల్లో ఇవ్వాలి. మొదటిది ‘డిఐఎస్ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్’. రెండోది ‘ఎస్ఎఫ్‌సి /స్కాన్‌నౌ’. ప్రతి వాలుగీతకు ముందు ఒక ఖాళీ ఉండాలి. మొదటిది విండోస్ దగ్గరున్న అసలు ప్రతులను సరిచేస్తుంది, అందుకు మామూలుగా ఇంటర్నెట్ కావాలి. రెండోది ఆ ప్రతులతో సరిపోల్చి పాడైన ఫైళ్లను మారుస్తుంది. శాతం అంకె చాలాసేపు కదలకపోయినా మధ్యలో ఆపకండి.

కొత్తగా వేసిన ఏ ప్రోగ్రామో అడ్డుపడుతోందని అనుమానం ఉంటే క్లీన్ బూట్ చేయవచ్చు. రన్ పెట్టెలో ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ కొట్టి, సర్వీసెస్ పుటలో ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’ ఎదుట టిక్ పెట్టాకే మిగిలినవి ఆపాలి. ఆ టిక్ మరిస్తే విండోస్‌కు కావలసినవే ఆగిపోతాయి. ఇబ్బంది మొదలైన రోజు గుర్తుంటే, అంతకుముందటి రిస్టోర్ పాయింట్‌కు వెళ్లే మార్గమూ ఉంది.

సేఫ్ మోడ్‌లో పరీక్షించేవారు ఒకటి గమనించాలి. అక్కడ ధ్వని, ప్రింటింగ్ వంటివి మామూలుగానే పనిచేయవు. 1084 సంఖ్య వస్తే ‘ఇది సేఫ్ మోడ్‌లో మొదలవదు’ అని అర్థం, సర్వీసు చెడిందని కాదు.

రిమోట్ ప్రొసీజర్ కాల్ అనే సర్వీసు జోలికి ఎప్పుడూ పోకండి. స్పూలర్, ఆడియోలతో సహా ఎన్నో సర్వీసులు దాని మీద ఆధారపడతాయి. ‘ఈ సర్వీసులు ఆపితే కంప్యూటర్ పరుగెడుతుంది’ అనే వీడియోలను చూసి వరుసగా డిజేబుల్డ్‌లో పెట్టుకుంటూ పోవడం కూడా తగదు.

ఎర్ర గుర్తులతో బెదిరించేవారు

బ్యాంకు కుటుంబాలుగా మనం మరీ జాగ్రత్తపడవలసింది ఇక్కడే. ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం’ అంటూ ఫోను చేసే మోసగాళ్లకు ఈ రెండు కిటికీలే ఆయుధాలు. ఈవెంట్ వ్యూయర్ తెరిపించి ఎర్ర గుర్తులు చూపిస్తారు. సర్వీసుల జాబితాలో ఆగిన వాటిని లెక్కపెట్టించి భయపెడతారు. తర్వాత తెరను దూరం నుంచి నడిపే యాప్ వేయించి, ఖాతాలోకి దిగుతారు. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లోనూ ఎర్ర గుర్తులు ఉంటాయి, ఆగిన సర్వీసులు ఉంటాయి. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మైక్రోసాఫ్ట్ మనం అడగకుండా ఫోను చేయదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే ఇంటర్నెట్ తీసేసి, 1930కి ఫోను చేసి, బ్యాంకుకు తెలియజేయండి.

గుర్తుంచుకోవలసినవి

• ముందు రీస్టార్ట్. షట్‌డౌన్ దానికి సాటి రాదు.
• తప్పు సంఖ్యను రాసుకోండి. మెకానిక్‌ను పిలిచినా అది పనికొస్తుంది.
• ఆధారాన్ని ముందు లేపండి, తర్వాతే ఆధారపడిన దాన్ని.
• ఒకసారికి ఒక్క మార్పే చేయండి. పాత స్థితిని కాగితం మీద ఉంచుకోండి.
• ఫైళ్ల కాపీ తీయకుండా ఫార్మాట్‌కు ఒప్పుకోకండి.
• డిస్కు నుంచి టకటకమనే శబ్దం వచ్చినా, కంప్యూటర్ పదే పదే నీలి తెరతో ఆగినా ప్రయోగాలు మాని, ఫైళ్లు కాపాడుకుని తెలిసినవారికి చూపించండి.