గాంధారి దాంపత్యం

నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి కొలువులోని తిక్కన 13వ శతాబ్దంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలను తెనిగించాడు. వాటిలో ఒక వృద్ధదాంపత్యం కథ ఇమిడి ఉంది.

ఉద్యోగపర్వంలో దుర్యోధనునికి బుద్ధి చెప్పమని ధృతరాష్ట్రుడు గాంధారిని సభకు పిలిపిస్తాడు. ఆమె ముందుగా భర్తనే తప్పుపడుతుంది. పుత్రవ్యామోహంతో కొడుకును అదుపు చేయనివాడు అతడే గదా! యుద్ధంలో నూర్గురు కొడుకులూ మరణించారు. పదిహేనేండ్ల తరువాత ధృతరాష్ట్రుడు వనవాసానికి బయలుదేరాడు. వ్యాసభారతంలో ఆ ప్రయాణం ఇట్లా సాగుతుంది: ముందు కుంతి, ఆమె భుజంపై గాంధారి చేయి, గాంధారి భుజంపై ధృతరాష్ట్రుని చేయి.

పిల్లలు దూరమై, ముసలి దంపతులిరువురే మిగిలిన ఇల్లు జలదంకి వంటి మెట్టపల్లెకు కొత్త గాదు. పెంపకంలో తప్పెవరిదన్న వాదం అక్కడా తలెత్తుతుంది. గాంధారి భర్త తప్పును దాచలేదు. అతనికి తన భుజాన్నీ తప్పించలేదు.